తాళం వేసేవాడే సారథి అయితే: మ్యాక్స్ రోచ్ ‘ఫ్రీడమ్ నౌ సూట్’ ఎలా పనిచేస్తుంది

సంక్షిప్తంగా: అమెరికన్ జాజ్ డ్రమ్మర్ మ్యాక్స్ రోచ్ 1960లో రికార్డు చేసిన ‘వుయ్ ఇన్సిస్ట్! ఫ్రీడమ్ నౌ సూట్’ను (సూట్ అంటే ఒకదానికొకటి ముడిపడిన రచనల వరుస) పౌరహక్కుల ఉద్యమ సంగీతంగా చెప్పుకోవడం పరిపాటి. అది నిజమే గాని సగమే. పగ్గాలు డ్రమ్మర్ చేతికి వస్తే పాట నిర్మాణమే ఎలా మారిపోతుందో చూపిన రికార్డు కూడా అదే. అందులో పియానో తప్పుకుంది, గొంతు వాద్యమైంది, తాళం కథ చెప్పే బాధ్యత తీసుకుంది. సాహసం డ్రమ్ సోలోల్లో కన్నా, ఎవరికి ఎంత చోటు ఇవ్వాలన్న నిర్ణయాల్లో ఉంది.

2025లో డ్రమ్మర్ టెరి లిన్ కారింగ్టన్, గాయని క్రిస్టీ డాషీల్ కలిసి ‘వుయ్ ఇన్సిస్ట్ 2025!’ అనే ఆల్బమ్ విడుదల చేశారు. అరవై అయిదేళ్ల నాటి రోచ్ రికార్డును ఈ కాలపు వాద్యబృందంతో తిరిగి అల్లిన ప్రయత్నం అది. విడుదల చేసిన సంస్థ పేరు కూడా పాతదే, కాండిడ్ రికార్డ్స్. దీనితో మూల రికార్డు గురించి మళ్లీ చర్చ మొదలైంది.

ఆ మూలాన్ని మొదటిసారి వినేవారికి రెండు సందేహాలు కలగడం సహజం. డ్రమ్మర్ పేరుతో వచ్చిన ఆల్బమ్ అంటే డ్రమ్ముల హోరు ఉంటుందని ఎవరైనా అనుకుంటారు. ఇక్కడ తొలి పాట ఒకే ఒక దెబ్బ చుట్టూ తిరుగుతుంది. జాజ్ అంటే పియానో ఎక్కడో ఒకచోట వినిపిస్తుందని అనుకుంటారు. ఇక్కడ అది లేనే లేదు. పైగా రికార్డు మధ్యలో గాయని ఒక నిమిషానికి పైగా మాట అన్నది లేకుండా కేకలు పెడుతుంది. విడివిడిగా చూస్తే ఇవన్నీ వింత కోసం చేసిన పనుల్లా కనిపిస్తాయి. కలిపి చూస్తే ఒకే లెక్క ప్రకారం నడిచినవని తెలుస్తుంది.

వెనుక వరుసలో కూర్చునేవారి సంగతి

జాజ్‌లో నాయకుడు అన్న మాట గౌరవానికి మాత్రమే సంబంధించినది కాదు, డబ్బుకు కూడా సంబంధించినది. రికార్డింగ్ ఒప్పందం నాయకుడి పేరు మీద ఉంటుంది. అమెరికా సంగీతకారుల సంఘం నిబంధనల ప్రకారం ఆ పూట పనికి తక్కినవారికి వచ్చే దానికి రెట్టింపు నాయకుడికి వస్తుంది. తక్కినవారు ఆ రోజు కూలి తీసుకుని వెళ్లిపోతారు. రికార్డు అమ్మకాలతో వారికి సాధారణంగా సంబంధం ఉండదు. రచనల మీద హక్కులు రచయితవి. రచన అంటే చాలాకాలం పాటు ఆచరణలో రాగవరుస, సాహిత్యం మాత్రమే. ఒక పాటకు ప్రాణం పోసిన తాళపు నడకను కనిపెట్టిన డ్రమ్మర్‌కు ఆ లెక్కలో చోటు లేదు.

అందువల్ల డ్రమ్మర్లు అందరికీ కావలసినవారే అయినా రికార్డు అట్ట మీద పేరు పడేది అరుదు. కర్ణాటక సంగీత కచేరీ కరపత్రంలో గాత్రం, వయోలిన్ తర్వాతే మృదంగం పేరు వస్తుందన్నది తెలుగు పాఠకులకు తెలిసిన విషయమే. మృదంగానికి తని ఆవర్తనం రూపంలో కొంత సమయం కేటాయిస్తారు, తర్వాత మళ్లీ గాత్రమే అందుకుంటుంది. జాజ్‌లో డ్రమ్ సోలో పరిస్థితి కూడా చాలాకాలం అంతే. పాట చివర్లో కాసేపు వదిలిపెడతారు, చప్పట్లు మోగుతాయి, ఆ పైన అందరూ అసలు పాటకు తిరిగి వస్తారు.

దీన్ని మార్చడానికి డ్రమ్మర్ ముందు రెండు దారులు ఉండేవి. ఒకటి ఆర్ట్ బ్లేకీది. జాజ్ మెసెంజర్స్ అనే తన బృందాన్ని ఆయన దశాబ్దాల పాటు ఒక బడిలా నడిపారు. రచనలు ఎక్కువగా హోరేస్ సిల్వర్, బెన్నీ గోల్సన్, వేన్ షార్టర్ వంటి బృంద సభ్యులవి. బ్లేకీ వాటికి ఊపు ఇచ్చారు, కుర్రవాళ్లను తయారుచేసి లోకం మీదికి పంపారు. రెండో దారి రోచ్‌ది. ఆయన రచన, బృందం కూర్పు, ఎవరు ఎప్పుడు మౌనంగా ఉండాలన్నది కూడా తన చేతిలోకి తీసుకున్నారు. బ్లేకీ దారి జనానికి తొందరగా చేరింది. కానీ సంగీతం లోపలి అమరికను మార్చింది రోచ్ దారే.

సింబల్ మీదికి ఎక్కిన లయ

ఈ దారి 1960లో హఠాత్తుగా తెరుచుకోలేదు. 1930ల నాటి స్వింగ్ బృందాల్లో డ్రమ్మర్ పని నాట్యం చేసేవారికి అడుగు చూపించడం. కాలితో వాయించే పెద్ద డ్రమ్ము మీద నాలుగు మాత్రలూ రోకటి పోటులా పడుతుండేవి. 1940ల తొలినాళ్లలో డ్రమ్మర్ కెన్నీ క్లార్క్ ఆ పోటును తీసేసి లయను పైనున్న రైడ్ సింబల్ మీదికి మార్చారు. అది లోహపు పళ్లెం కాబట్టి శబ్దం తెగకుండా పారుతుంది. కాలు, ఎడమ చేయి ఖాళీ అయ్యాయి. వాటితో అనుకోని చోట్ల దెబ్బలు వేయవచ్చు, ట్రంపెట్ ఒక మాట అంటే దానికి బదులు చెప్పవచ్చు.

ఆ పద్ధతిని అందుకుని ఎంతో దూరం తీసుకుపోయినవారు రోచ్. 1924లో నార్త్ కరొలైనాలో పుట్టి, బ్రూక్లిన్‌లో పెరిగిన ఆయన 1945 నవంబరులో శాక్సోఫోన్ విద్వాంసుడు చార్లీ పార్కర్ ‘కో-కో’ రికార్డింగ్‌లో వాయించారు. అప్పటికి ఆయన వయసు 21. బీబాప్ అనే కొత్త శైలికి ఆ రికార్డు ఒక మైలురాయి. అంత వేగంలో కూడా లయ బరువెక్కకుండా ఉండడానికి కారణం ఆ సింబల్ పద్ధతే.

దాని నుంచి ఆయన ఇంకో అడుగు వేశారు. డ్రమ్ములను వేర్వేరు స్థాయుల్లో శ్రుతి చేసుకుని, ఒక చిన్న పదబంధాన్ని ఎత్తుకుని, తిప్పి, విరిచి, మళ్లీ కలుపుతూ సోలోను పాటలా కట్టడం మొదలుపెట్టారు. దీనికి స్పష్టమైన ఉదాహరణ కొంత తర్వాతది. 1966లో వచ్చిన ‘డ్రమ్స్ అన్‌లిమిటెడ్’లోని ‘ద డ్రమ్ ఆల్సో వాల్ట్జెస్’లో రెండు కాళ్లూ పెద్ద డ్రమ్ము, హై-హ్యాట్ అనే జంట సింబళ్ల మీద మూడు మాత్రల నడకను చివరిదాకా వదలవు. చేతులు దాని పైన మాట్లాడతాయి. ఒక్క మనిషే పక్కవాద్యం, ఒక్క మనిషే విద్వాంసుడు. వేరే వాద్యం ఏదీ వినిపించదు, అయినా ఏదో తక్కువైందన్న భావన రాదు.

ఒంటరిగా వాయించడం ఒక ఎత్తు, పదిమందిని కూడగట్టి నడపడం ఇంకో ఎత్తు. 1954లో ట్రంపెట్ వాద్యకారుడు క్లిఫర్డ్ బ్రౌన్‌తో కలిసి రోచ్ ఒక అయిదుగురి బృందం పెట్టారు. 1956 జూన్‌లో జరిగిన కారు ప్రమాదంలో బ్రౌన్, బృందంలోని పియానిస్టు రిచీ పావెల్, పావెల్ భార్య చనిపోయారు. ఆ దెబ్బ నుంచి రోచ్ తేరుకోవడానికి కాలం పట్టింది. 1958 నాటికి ఆయన కొత్త బృందం పియానో లేకుండా నడుస్తోంది. ట్రంపెట్ మీద బుకర్ లిటిల్ అనే ఇరవై ఏళ్ల యువకుడు చేరాడు. ‘ఫ్రీడమ్ నౌ సూట్’ ధ్వని అప్పుడే రూపు దిద్దుకోవడం మొదలైంది.

1960లో ఏం జరుగుతోంది

1959లోనే రోచ్, షికాగోకు చెందిన గీత రచయిత ఆస్కార్ బ్రౌన్ జూనియర్ కలిసి ఒక పెద్ద రచన తలపెట్టారు. అమెరికాలో బానిసత్వ విమోచన ప్రకటనకు 1963లో నూరేళ్లు నిండుతాయి కాబట్టి దాన్ని అప్పటికి సిద్ధం చేయాలన్నది ఆలోచన. కానీ చరిత్ర అంతవరకు ఆగలేదు. 1960 ఫిబ్రవరి 1న నార్త్ కరొలైనాలోని గ్రీన్స్‌బరోలో నలుగురు నల్లజాతి విద్యార్థులు తెల్లవారికి మాత్రమే వడ్డించే ఉపాహార కౌంటర్ ముందు కూర్చుని లేవడానికి నిరాకరించారు. వారాల్లో ఆ నిరసన దక్షిణాది రాష్ట్రాలకు పాకింది. మార్చి 21న దక్షిణాఫ్రికాలోని షార్ప్‌విల్‌లో పోలీసులు జరిపిన కాల్పుల్లో 69 మంది చనిపోయారు. అదే ఏడాది 17 ఆఫ్రికా దేశాలు స్వతంత్రమయ్యాయి.

ఇంతలో బ్రౌన్, రోచ్‌ల మధ్య రచన ఎలా ముగియాలన్న విషయంలో పొత్తు కుదరలేదు. పెద్ద రచన పూర్తి కాలేదు. ఉన్నదాన్ని రోచ్ తన పద్ధతిలో కూర్చి, 1960 ఆగస్టు 31న, సెప్టెంబరు 6న న్యూయార్క్‌లోని నోలా పెంట్‌హౌస్ స్టూడియోలో రికార్డు చేశారు. మొత్తం అయిదు రచనలు, సుమారు 37 నిమిషాలు. ముగింపు కుదరని చోటు నుంచి పుట్టిందన్నది గుర్తుపెట్టుకుంటే ఈ రికార్డు విజయగీతంలా ఎందుకు ముగియదో అర్థమవుతుంది.

అట్ట మీది ఫొటోలో ముగ్గురు నల్లజాతి పురుషులు ఉపాహార కౌంటర్ దగ్గర కూర్చుని తలతిప్పి నేరుగా కెమెరాలోకి చూస్తుంటారు. కౌంటర్ వెనుక తెల్లజాతి పనివాడు నిలబడి ఉంటాడు. నవ్వుతున్న వాద్యకారుడో, అందమైన అమ్మాయో అట్టను అలంకరించే రోజులవి. వార్తాపత్రిక ఫొటోలాంటి అట్ట వేయడమే ఒక ప్రకటన.

ఒక దెబ్బ బరువు

మొదటి రచన ‘డ్రైవా మ్యాన్’. తోటల్లో బానిసల చేత పని చేయించే పెత్తందారు గురించిన పాట. గాయని ఏబీ లింకన్ మొదట దాదాపు ఒంటరిగా పాడతారు. తాళం అయిదు మాత్రలది. మన లెక్కలో చెప్పాలంటే ఖండం. ప్రతి ఆవర్తం మొదటి మాత్ర మీద ఒక రిమ్‌షాట్ పడుతుంది. స్నేర్ డ్రమ్ము తోలును, లోహపు అంచును కర్ర ఒకేసారి తాకితే వచ్చే పదునైన చప్పుడు అది. పాట సందర్భంలో అది కొరడా.

ఇక్కడే తాళం ఎంపికకు అర్థం తెలుస్తుంది. నాలుగు మాత్రల తాళంలో మొదటి దెబ్బ తర్వాత శరీరం సర్దుకుంటుంది, రెండు, నాలుగు మాత్రల మీద ఊగుతుంది. అయిదు మాత్రల్లో ఆ సర్దుబాటు కుదరదు. సగానికి విరగని సంఖ్య అది. తర్వాతి దెబ్బ ఎప్పుడు పడుతుందో చెవికి తెలుసు, కానీ ఒంటికి అలవాటు కాదు. ఎదురుచూపు ఒక మాత్ర సాగుతుంది, అంతలో పడుతుంది. పని చేసే మనిషి వెన్ను మీద కొరడా ఉన్నప్పటి స్థితిని మాటల కన్నా ముందు తాళమే చెప్పేస్తుంది. తన నైపుణ్యం చూపించుకోగల ప్రతి అవకాశాన్నీ పక్కన పెట్టి రోచ్ ఆ ఒక్క దెబ్బనే నమ్ముకున్నారు. ఈ ఆల్బమ్‌లోని అత్యంత సాహసమైన వాదన అదేనని చెప్పవచ్చు.

ఈ పాటలో టెనర్ శాక్సోఫోన్ సోలో కోల్మన్ హాకిన్స్‌ది. అప్పటికి ఆయన వయసు 55, ఆ వాద్యానికి జాజ్‌లో పెద్ద దిక్కు. రికార్డింగ్‌లో ఆయన వాద్యం ఒకచోట కీచుమంది. దాన్ని కత్తిరించి అతకవచ్చు. హాకిన్స్ వద్దన్నారని, ఇలాంటి రచనలో అన్నీ నున్నగా ఉంటేనే తప్పని ఆయన అన్నారని నిర్మాత నాట్ హెంటాఫ్ అట్ట వెనుక రాశారు. కీచు ఇప్పటికీ రికార్డులో వినిపిస్తుంది. ఇరవై రెండేళ్ల లిటిల్, 55 ఏళ్ల హాకిన్స్ ఒకే గదిలో ఉండడం యాదృచ్ఛికం కాదు. ఆ బాధ ఒక తరానిది కాదని బృందం కూర్పే చెబుతోంది.

రెండో రచన ‘ఫ్రీడమ్ డే’ విమోచన వార్త విన్న రోజు గురించి. వేగం విపరీతం, స్వరస్థాయి మాత్రం దిగులుది. వార్త నిజమా, పుకారా అన్న సందేహం సాహిత్యంలో ఉంది, పరుగు తాళంలో ఉంది. రోచ్ డ్రమ్ సోలో ఇక్కడ వినిపిస్తుంది. ఆల్బమ్‌లో ఆ రోజుల్లో వాడుకలో ఉన్న హార్డ్ బాప్ అనే జాజ్ శైలి రికార్డుకు దగ్గరగా ఉన్న భాగం ఇదే, అందుకే తక్కువ ఆశ్చర్యపరిచేది కూడా ఇదే.

గొంతూ డ్రమ్మూ మాత్రమే

మూడో రచన ‘ట్రిప్టిక్: ప్రేయర్, ప్రొటెస్ట్, పీస్’ ఎనిమిది నిమిషాలకు పైబడి ఉంటుంది. అందులో ఇద్దరే ఉంటారు, లింకన్, రోచ్. ఒక్క మాట కూడా ఉండదు. ప్రార్థనలో గొంతు పొడవైన స్వరాలు పట్టుకుంటుంది, డ్రమ్ములు ఖాళీలు వదులుతూ బదులిస్తాయి. రెండో భాగంలో గొంతు కేకలోకి మారుతుంది, డ్రమ్ములు దాని కింద ఆగకుండా దొర్లుతాయి. మూడో భాగంలో అలసిన ఊపిరి, నిట్టూర్పు, మళ్లీ మెల్లగా స్వరం.

ఈ అమరికలో ఒక మెలిక ఉంది. మామూలుగా గొంతుకు శ్రుతి, డ్రమ్ముకు లయ అని పని పంచుకుంటారు. రెండో భాగంలో గొంతు శ్రుతిని వదిలేసి శుద్ధ శబ్దం అవుతుంది, అంటే డ్రమ్ము ఉండే చోటికి దిగి వస్తుంది. అటు శ్రుతి చేసిన డ్రమ్ములు గొంతు వదిలిన చోటుకు జరుగుతాయి. రెండు వాద్యాల మధ్య గీత చెరిగిపోయినప్పుడు వినేవారికి పట్టుకోవడానికి పల్లవి ఉండదు, ఎత్తుకుని తిరిగి వచ్చే చోటు ఉండదు. ఇబ్బందిగా అనిపిస్తుంది. ఇబ్బంది పెట్టడమే రచన ఉద్దేశం.

లింకన్ ఎక్కడి నుంచి ఇక్కడికి వచ్చారన్నది చూస్తే మార్పు తీవ్రత తెలుస్తుంది. 1956 నాటికి ఆమె నైట్‌క్లబ్ గాయని, ఒక హాలీవుడ్ చిత్రంలో తళుకుల గౌనులో పాడిన అందగత్తె. ఆ ముద్రను ఆమె తనంతట తానే వదిలించుకున్నారు. 1957 నుంచి రోచ్‌తో కలిసి రికార్డు చేశారు, 1962లో ఆయనను పెళ్లి చేసుకున్నారు. ‘ట్రిప్టిక్’ ఘనతను రోచ్‌కే కట్టబెట్టే వ్యాసాలు చాలా ఉన్నాయి. ఆ ఎనిమిది నిమిషాల్లో ఎక్కువ పందెం ఒడ్డినది మాత్రం ఆమె.

డ్రమ్ము చరిత్రలోకి తిరిగి వెళ్లడం

నాలుగో రచన ‘ఆల్ ఆఫ్రికా’లో నైజీరియా నుంచి వచ్చి అమెరికాలో స్థిరపడిన బాబతుండే ఒలతుంజీ ప్రవేశిస్తారు. లింకన్ ఆఫ్రికా జాతుల పేర్లు ఒక్కొక్కటే పలుకుతుంటే ఒలతుంజీ యొరూబా భాషలో బదులిస్తారు. రేమండ్ మాంటియా, తోమాస్ దు వాల్ తాళవాద్యాలతో తోడవుతారు. మాంటియా కాంగా వాద్యం వాయించే న్యూయార్క్ లాటిన్ సంగీతకారుడు. అంటే ఆఫ్రికా, కరీబియన్, అమెరికా అనే మూడు దారుల్లో చెదిరిన ఒకే తాళ సంప్రదాయాన్ని ఒక గదిలో కూర్చోబెట్టడం. రికార్డింగ్ జరిగిన నెలలోపే, అక్టోబరు 1న, నైజీరియా స్వతంత్రమైంది.

ఈ పని డ్రమ్మరే ఎందుకు చేయవలసి వచ్చిందనడానికి పాత కారణం ఉంది. 1739లో సౌత్ కరొలైనాలోని స్టోనో నది దగ్గర బానిసలు డ్రమ్ములు మోగిస్తూ తిరుగుబాటు చేశారు. మరుసటి ఏడాది అప్పటికి బ్రిటిష్ వలసగా ఉన్న ఆ ప్రాంతం చేసిన చట్టం బానిసలు డ్రమ్ములు, కొమ్ములు ఉంచుకోవడాన్ని నిషేధించింది. పాలకులకు డ్రమ్ము సంగీత వాద్యంగా కన్నా సమాచార సాధనంగానే కనిపించిందన్న మాట. డ్రమ్ములు లేనిచోట చప్పట్లు, అడుగులు, ఒంటి మీద చరుపులు తాళాన్ని బతికించాయి. ఈ చరిత్ర తెలిసినవారికి ‘డ్రైవా మ్యాన్’లో కొరడాగా వాడిన వాద్యమే ‘ఆల్ ఆఫ్రికా’లో మాతృభాషగా మారడం ఆల్బమ్ అంతటికీ ఇరుసులా కనిపిస్తుంది.

చివరిది ‘టియర్స్ ఫర్ జోహనెస్‌బర్గ్’. షార్ప్‌విల్ మృతుల కోసం. మళ్లీ అయిదు మాత్రల తాళమే, కానీ ఈసారి కొరడా లేదు. జేమ్స్ షెంక్ బాస్ మీద ఒకే పదబంధాన్ని తిప్పుతుంటారు, లింకన్ మాటల్లేకుండా పాడతారు, ట్రంపెట్ మీద లిటిల్, శాక్సోఫోన్ మీద వాల్టర్ బెంటన్, ట్రాంబోన్ మీద జూలియన్ ప్రీస్టర్ ఒకరి తర్వాత ఒకరు సోలోలు తీసుకుంటారు. తొలి పాట తాళాన్నే చివర్లో వేరే దేశానికి తీసుకుపోవడం వల్ల ఇది నూరేళ్ల కిందటి కథ కాదని చెప్పినట్టయింది.

పియానో ఎందుకు లేదు

జాజ్ బృందంలో పియానో చేసే పని సోలోలు ఇవ్వడం ఒక్కటే కాదు. ప్రతి క్షణం ఏ స్వరసమూహంలో ఉన్నామో అది చెబుతుంది, సోలో వాద్యకారుడికి నేల చూపిస్తుంది. ఆ నేల ఉన్నంతసేపు డ్రమ్ము ఏం చేసినా అది లయకు అలంకారమే అవుతుంది. పియానో లేకపోతే స్వరాల దారి కొంత తెరుచుకుంటుంది, వినేవారు దిక్కు కోసం బాస్ మీద, డ్రమ్ము మీద ఆధారపడతారు. ట్రంపెట్, ట్రాంబోన్, శాక్సోఫోన్ కలిసి దగ్గరి స్వరాలు ఒరుసుకునేలా పలికితే ఆ గరుకును నున్నగా చేసే పియానో ఉండదు. లిటిల్‌కు ఆ ఒరిపిడి స్వరాల మీద ప్రత్యేకమైన మక్కువ. ఆయన 1961 అక్టోబరులో 23 ఏళ్లకే మూత్రపిండాల జబ్బుతో చనిపోయారు.

అయితే దీన్ని సిద్ధాంతంగా మార్చనక్కర లేదు. 1964లో ఇదే రచనను బెల్జియం టెలివిజన్ కోసం ప్రదర్శించినప్పుడు బృందంలో పియానో ఉంది. రోచ్‌కు పియానో మీద కోపం లేదు. ఆ రికార్డుకు అది అవసరం లేదంతే.

అదే తాళం, వేరే పని

అయిదు మాత్రల తాళాన్ని జాజ్ శ్రోతలకు పరిచయం చేసింది రోచ్ కాదు. 1959లో పియానిస్టు డేవ్ బ్రూబెక్ బృందం విడుదల చేసిన ‘టైమ్ అవుట్’లోని ‘టేక్ ఫైవ్’ లోకమంతా మోగింది. అంతకు ముందు ఏడాది అమెరికా విదేశాంగ శాఖ పంపిన యాత్రలో బ్రూబెక్ తుర్కియే, భారత్ సహా పలు దేశాలు తిరిగి, అక్కడి తాళాల నుంచి ప్రేరణ పొందారు. ఆ బృందంలోని శాక్సోఫోన్ వాద్యకారుడు పాల్ డెస్మండ్ రచించిన ‘టేక్ ఫైవ్’లో పియానో మూడు, రెండుగా విరిగే ఒక చిన్న నడకను చివరిదాకా తిప్పుతుంది. దాని పైన శాక్సోఫోన్ తేలిపోతుంది. తాళం కొత్తది, అనుభూతి హాయి. ‘డ్రైవా మ్యాన్’లో అదే సంఖ్య ఊపిరి సలపనివ్వదు. తాళానికి తనదైన భావం అంటూ ఉండదని, దెబ్బ ఎక్కడ పడుతుంది, నడకను ఎవరు మోస్తున్నారు అన్నదాన్ని బట్టి భావం పుడుతుందని ఈ రెండింటినీ పక్కపక్కన వింటే తెలుస్తుంది.

నిరసన విషయంలో కూడా రోచ్ మొదటివారు కారు. 1958లో శాక్సోఫోన్ వాద్యకారుడు సోనీ రోలిన్స్ ‘ఫ్రీడమ్ సూట్’ చేశారు. మాటలు లేవు, పియానో లేదు, డ్రమ్ముల మీద ఉన్నది రోచే. బాస్ వాద్యకారుడు చార్లెస్ మింగస్, నల్లజాతి విద్యార్థులను బడిలోకి రానివ్వని అర్కన్సా గవర్నరు ఫాబస్‌ను ఎగతాళి చేస్తూ కట్టిన పాట 1959లో పెద్ద సంస్థ కొలంబియా మీద మాటల్లేకుండా వచ్చింది. 1960లో అదే పాట కాండిడ్ మీద మాటలతో సహా వచ్చింది. తేడా సంస్థల పరిమాణంలోనే కనిపిస్తోంది.

చిన్న సంస్థ ఇచ్చిన వీలు, తర్వాత పడిన వెల

కాండిడ్ అప్పుడే పుట్టిన సంస్థ. దాని మాతృసంస్థ కేడెన్స్, పాపులర్ పాటలతో నిలదొక్కుకున్న ఆర్చీ బ్లేయర్‌ది. జాజ్ విభాగం బాధ్యత విమర్శకుడు నాట్ హెంటాఫ్‌కు అప్పగించారు. అమ్మకాల విభాగపు అభ్యంతరాలు లేని చోట హెంటాఫ్ వాద్యకారులను వారి ఇష్టానికి వదిలేశారు. రోచ్‌కు అలాంటి చోటు విలువ తెలుసు. 1952లో మింగస్‌తో కలిసి డెబ్యూ అనే సొంత సంస్థ పెట్టి నడిపిన అనుభవం ఉంది.

వీలు ఇచ్చిన కారణమే నష్టానికి కూడా కారణమైంది. కాండిడ్ తొలి దశ ఎక్కువ కాలం సాగలేదు. రికార్డు దుకాణాల్లో దొరకడం కష్టమైంది. దక్షిణాఫ్రికా ప్రభుత్వం దాన్ని నిషేధించింది. రోచ్ మాత్రం వేదికల మీద కొనసాగించారు. 1961 జనవరిలో న్యూయార్క్‌లోని విలేజ్ గేట్‌లో పౌరహక్కుల సంస్థ కోర్ కోసం ఈ రచనను ప్రదర్శించారు. ఆ మే నెలలో కార్నెగీ హాల్‌లో ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ కచేరీ జరుగుతుండగా నినాదం రాసిన అట్ట పట్టుకుని వేదిక అంచున కూర్చున్నారు.

ఎక్కువ వెల చెల్లించింది లింకన్. 1961లో ఆమె చేసిన ‘స్ట్రెయిట్ అహెడ్’ను సమీక్షిస్తూ డౌన్ బీట్ అనే జాజ్ పత్రికలో విమర్శకుడు ఐరా గిట్లర్ ఆమె జాతి స్పృహనే తప్పుపట్టారు. వివాదం ముదిరి 1962లో ఆ పత్రిక జాజ్‌లో జాతివివక్షపై చర్చాగోష్ఠి నిర్వహించవలసి వచ్చింది. లింకన్, రోచ్ ఇద్దరూ అందులో పాల్గొన్నారు. ఆ తర్వాత తన పేరు మీద ఆమె మళ్లీ ఆల్బమ్ రికార్డు చేయడానికి 1973 వరకు ఆగవలసి వచ్చింది. గుర్తింపు వచ్చింది గాని చాలా ఆలస్యంగా వచ్చింది. 1988లో రోచ్‌కు మాకార్థర్ ఫెలోషిప్ లభించింది. 2007లో ఆయన మరణించారు. 2022లో అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయం ఈ ఆల్బమ్‌ను జాతీయ రికార్డింగ్ రిజిస్ట్రీలో చేర్చింది.

తర్వాతి డ్రమ్మర్లు ఏం తీసుకున్నారు

రాజకీయ వారసత్వం కళ్లకు కనిపించేది. కారింగ్టన్ ఆ వరుసలోనివారు. 2018లో బర్క్‌లీ సంగీత కళాశాలలో జాజ్‌లో స్త్రీపురుష సమానత్వం కోసం ఒక సంస్థను స్థాపించిన ఆమె, డ్రమ్మర్ల లోకంలో స్త్రీలకు చోటు తక్కువన్న విషయాన్ని కూడా ఆ చర్చలోకి తెచ్చారు.

నిర్మాణపరమైన వారసత్వం అంత తేలికగా కనిపించదు. టోనీ విలియమ్స్ రోచ్‌ను క్షుణ్ణంగా చదువుకున్న డ్రమ్మర్. 1964 ఆగస్టులో, 18 ఏళ్ల వయసులో, బ్లూ నోట్ సంస్థకు ‘లైఫ్ టైమ్’ అనే తొలి ఆల్బమ్ చేశారు. రచనలన్నీ ఆయనవే. ఒక్కో రచనకు బృందం పరిమాణం మారుతుంటుంది, నిలకడైన లయ ఒకచోట ఉంటుంది, ఇంకోచోట పూర్తిగా కరిగిపోతుంది. అప్పటికే మైల్స్ డేవిస్ బృందంలో తన వేగంతో అందరినీ నివ్వెరపరుస్తున్న కుర్రవాడు, తన సొంత రికార్డులో ఆ వేగాన్ని అమ్ముకోలేదు. ఆల్బమ్ చివరి రచన ‘బార్బ్స్ సాంగ్ టు ద విజార్డ్’లో హెర్బీ హాంకాక్ పియానో, రాన్ కార్టర్ బాస్ మాత్రమే వినిపిస్తాయి. డ్రమ్ముల ముందు ఎవరూ కూర్చోలేదు.